షుగర్ సంగతి దాచి కొత్త పాలసీ తీసుకోమంటున్నారు, తీసుకోవచ్చా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లె. మా వారికి 57 ఏళ్లు, కొబ్బరికాయల వ్యాపారం. నాకు 52, మా అత్తయ్య గారికి 73. ముగ్గురికీ కలిపి ఒక ప్రైవేటు కంపెనీలో మూడు లక్షల ఆరోగ్య బీమా ఉంది. ఇప్పుడు ఆరో ఏడు నడుస్తోంది. మా వారికి షుగర్ ఉన్నట్టు మొదట్లోనే రాశాం. పోయిన వేసవిలో అన్నీ కలిపి 52 వేలు కట్టాం. ఈసారి 61 వేలు కట్టాలని నోటీసు వచ్చింది, ఇంకా రెండు నెలలు గడువుంది. పోయిన ఏడాది దసరాకు ముందు భీమవరంలో మా వారికి పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ చేయించాం. ఆ ఆసుపత్రి కంపెనీ జాబితాలో లేదన్నారు. నా గాజులు తాకట్టు పెట్టి 1,90,000 కట్టాం. తర్వాత కంపెనీ 1,14,000 మాత్రమే ఇచ్చి, గది అద్దె పరిమితి దాటిందని రాసింది. జాబితాలో మాకు దగ్గరని చెప్పిన ఆసుపత్రి రాజమహేంద్రవరంలో ఉంది. కరెంటు బిల్లు ఎక్కువైందని బియ్యం కార్డు తీసేశారు కనుక ఆరోగ్యశ్రీ కూడా పోయినట్టే. ఇప్పుడు తెలిసిన ఏజెంటు ఒకాయన దీన్ని వదిలేసి వేరే కంపెనీలో 28 వేలకు కొత్త పాలసీ తీసుకోండి, షుగర్ సంగతి రాయకండి అంటున్నాడు. మా వారు అసలు బీమాయే వద్దు, ఆ డబ్బు పోస్టాఫీసులో వేసుకుందాం అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, రాజోలు ప్రాంతం

జవాబు: అమ్మా, ఏజెంటు చెప్పినట్టు మాత్రం చేయకండి. మీ వారి మాటలో కొంత న్యాయం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఈ కొత్త పాలసీ ఆలోచన ఇంట్లోంచి పోవాలి.

మీ చేతిలో ఉన్న పాలసీ ఖరీదైనదే, కానీ దానికి ఐదేళ్లు నిండాయి. ఆ ఐదేళ్లకు చట్టంలో చాలా విలువ ఉంది. పాలసీ తెగకుండా 60 నెలలు నడిచాక, మొదట్లో ఏదో జబ్బు చెప్పలేదనే వంకతో కంపెనీ క్లెయిమ్‌ను తిరస్కరించడానికి వీల్లేదు. మోసం జరిగిందని నిరూపిస్తే తప్ప. ఇది ఒకప్పుడు ఎనిమిదేళ్లుగా ఉండేది, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 ఏప్రిల్ నుంచి ఐదేళ్లకు తగ్గించింది. పాత జబ్బులకు పెట్టే వెయిటింగ్ పీరియడ్, అంటే వాటికి క్లెయిమ్ ఇవ్వని నిరీక్షణ కాలం కూడా మీకు ఎప్పుడో దాటిపోయింది. రేపు మీ వారికి షుగర్ వల్ల కిడ్నీకో గుండెకో కష్టం వస్తే ఈ పాలసీ పలుకుతుంది. కొత్త పాలసీ తీసుకుంటే ఈ లెక్కలన్నీ మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి. పాత జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ పెట్టే హక్కు కొత్త కంపెనీకి ఉంటుంది.

దానికి తోడు దాపరికం. 57 ఏళ్ల మనిషి ఆసుపత్రిలో చేరితే డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నల్లో షుగర్ ఎన్నేళ్లుగా ఉంది అనేది ఒకటి. మీ వారు నిజమే చెబుతారు, చెప్పాలి కూడా. అది కేసు షీటులోకి, అక్కడి నుంచి డిశ్చార్జి సమ్మరీలోకి ఎక్కుతుంది. క్లెయిమ్ పరిశీలించేవారు ముందు చదివేది ఆ కాగితమే. అప్పుడు క్లెయిమ్ పోతుంది, పాలసీ రద్దవుతుంది, కట్టిన 28 వేలూ పోతాయి. ప్రపోజల్ ఫారం మీద ఉన్న సంతకం మీ వారిది. రాయవద్దని చెప్పిన మనిషి పేరు అందులో ఎక్కడా ఉండదు. తన కమీషన్ కోసం ఒక షుగర్ రోగిని ఇలాంటి ప్రమాదంలోకి నెట్టేవారిని చూస్తే నాకు చాలా కోపం వస్తుంది.

కంపెనీ మారాలనే ఉంటే దానికి సరైన దారి పోర్టబిలిటీ, అంటే పాత పాలసీలో గడిచిన ఏళ్ల లెక్క పోకుండా కంపెనీ మారడం. రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు కొత్త కంపెనీకి దరఖాస్తు చేయాలి. మీకు రెండు నెలలుందంటే, చేతిలో ఉన్నది రెండు వారాలే. పోర్టింగ్‌లో ఇన్నేళ్ల నిరీక్షణ, ఆ 60 నెలల రక్షణ మూడు లక్షల వరకు మీ వెంటే వస్తాయి. షుగర్ ఉంది కాబట్టి కొత్త కంపెనీ ఒప్పుకోకపోవచ్చు, లేదా ప్రీమియం కొంచెం ఎక్కువ అడగవచ్చు. అడిగి చూడటానికి ఖర్చేమీ లేదు. వాళ్లు ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా వచ్చేదాకా పాతది వదలకండి.

ఇక ఆ 61 వేల సంగతి. పోయిన వేసవిలో కట్టిన 52 వేలలో 18 శాతం జీఎస్టీ ఉంది, అంటే దాదాపు 8 వేలు పన్నే. అసలు ప్రీమియం 44 వేలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య బీమా పాలసీల మీద జీఎస్టీ పూర్తిగా ఎత్తేశారు. ఈసారి నోటీసులో పన్ను అనే గడి సున్నా ఉండాలి. అలా ఉండి కూడా మొత్తం 61 వేలంటే, మీకు 9 వేలు పెరిగినట్టు కనిపించినా నిజానికి 17 వేలు పెరిగింది. 38 శాతం! అరవై దాటిన వారి ప్రీమియం ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తమతో సంప్రదించాలని ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో కంపెనీలను ఆదేశించింది. అందుకని ఈ వారమే కంపెనీకి ఒక ఈమెయిల్ పెట్టించండి. ముగ్గురిలో ఎవరి వాటా ఎంత, వయసు శ్లాబు మారడం వల్ల పెరిగినదెంత, రేటు పెంచడం వల్ల పెరిగినదెంత, అడగకుండా చేర్చిన అదనపు కవర్లు ఏమైనా ఉన్నాయా అని అడగండి. ఫోన్లో చెప్పేది వద్దు, రాసి ఇమ్మనండి.

జవాబు ఎలా వచ్చినా అసలు బరువు ఎక్కడుందో నేను ఇప్పుడే చెప్పగలను. ముగ్గురికీ కలిపి ఒకే పాలసీ ఉన్నప్పుడు ప్రీమియం సాధారణంగా పెద్ద వయసు వారిని బట్టి లెక్కిస్తారు. మీ ఇద్దరి యాభైల వయసుకు కూడా అత్తయ్య గారి 73 ఏళ్ల రేటు ప్రభావం పడుతోంది. ఆవిడను పాలసీలోంచి తీసేయమని రాయడానికి నాకు మనసొప్పదు, ఆవిడకు వేరే రక్షణ లేకపోతే రాసేదాన్ని కాదు. కానీ ఉంది. 70 ఏళ్లు నిండిన వారందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్స 2024 అక్టోబర్ 29 నుంచి అందుబాటులోకి వచ్చింది. ఆయుష్మాన్ వయ వందన కార్డు అంటారు. బియ్యం కార్డు అక్కర్లేదు, ప్రైవేటు బీమా ఉన్నా ఇస్తారు, పాత జబ్బులకు నిరీక్షణ లేదు. కావలసింది ఆధార్. వయసు ఆధార్‌లో ఉన్నదే చూస్తారు కనుక, పెద్దవాళ్ల కార్డుల్లో తరచూ ఉండే పుట్టిన తేదీ తప్పులు ఉన్నాయేమో ముందు చూసుకోండి. ఆయుష్మాన్ యాప్‌లో మీరే నమోదు చేయవచ్చు, లేదా గ్రామ సచివాలయంలో అడగండి. సందేహముంటే 14555 నంబరుకు ఫోన్ చేయండి.

ఇందులో ఇబ్బందులు లేకపోలేదు. ఇది జాబితాలోని ఆసుపత్రుల్లోనే చెల్లుతుంది, చేరితేనే చెల్లుతుంది, రోజూ వేసుకునే మాత్రలకు చెల్లదు. మాత్రలకు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, లేదంటే జనఔషధి దుకాణం. అత్తయ్య గారికి ఇప్పటికే ఏదైనా పెద్ద చికిత్స నడుస్తుంటే, ఆ డాక్టరున్న ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో కనుక్కున్నాకే నిర్ణయం తీసుకోండి. కార్డు చేతికి వచ్చాక, రెన్యువల్ సమయంలో ఆవిడ పేరు తీయించండి. కార్డు వస్తుందన్న నమ్మకంతో ముందే తీయించవద్దు. ఒకసారి బయటికి వచ్చాక మళ్లీ చేరాలంటే వయసు అడ్డం కాకపోయినా, ప్రీమియం, నిరీక్షణ మళ్లీ మొదటికొస్తాయి.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆపరేషన్ లెక్క. 1,90,000లో 1,14,000 అంటే సరిగ్గా 60 శాతం. ఒక రూపాయి అటూ ఇటూ లేదు. మూడు లక్షల పాలసీలో గది అద్దె ఒక శాతం, అంటే రోజుకు 3,000 అని ఉండి, మీరు 5,000 గదిలో ఉంటే నిష్పత్తి 60 శాతమే అవుతుంది. అంటే వాళ్లు బిల్లు మొత్తాన్ని అడ్డంగా ఆ నిష్పత్తిలో కోసేశారన్నమాట. అలా కోయకూడదు. గది పరిమితి దాటినప్పుడు గది అద్దెతో ముడిపడిన ఖర్చులను మాత్రమే దామాషాగా తగ్గించవచ్చు. మందులు, వాడిపారేసే సామగ్రి, శరీరంలో అమర్చే పరికరాలు, రక్తపరీక్షలు, స్కానింగులు ఆ కోతలోకి రావని ఐఆర్‌డీఏఐ 2020లోనే స్పష్టం చేసింది. ఐసీయూ ఛార్జీలకు కూడా దామాషా కోత లేదు. మీ పాలసీ పుస్తకంలో నిర్వచనాల పేజీలో ఇది ఉంటుంది, వెతకండి.

మీ బిల్లు విడివిడిగా నా దగ్గర లేదు కనుక ఉదాహరణకు ఇలా అనుకుందాం. నాలుగు రోజుల గది 20 వేలు, సర్జన్, మత్తు డాక్టర్, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 90 వేలు, మందులు, సామగ్రి 62 వేలు, పరీక్షలు 18 వేలు. నిబంధన ప్రకారం గదికి 12 వేలు, ఆ 90 వేలకు 54 వేలు, మిగతా 80 వేలు పూర్తిగా రావాలి. మొత్తం 1,46,000. మీకు వచ్చినదానికంటే 32 వేలు ఎక్కువ. గ్లౌజుల్లాంటి కొన్ని వస్తువులకు చాలా పాలసీలు డబ్బివ్వవు కాబట్టి అందులో కొంత తగ్గవచ్చు.

ఇంతటితో అయిపోలేదు. గదిని బట్టి ఛార్జీలు మారని ఆసుపత్రిలో దామాషా కోత అసలే చెల్లదు. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లో మంచి గదిలో ఉంటే సర్జన్ ఫీజు కూడా పెరుగుతుంది. మన డెల్టా పట్టణాల్లో డాక్టర్లు సొంతంగా నడిపే చాలా నర్సింగ్ హోముల్లో జనరల్ వార్డులో ఉన్నా ఏసీ గదిలో ఉన్నా ఆపరేషన్‌కు ఒకటే రేటు. మీరు వెళ్లినది అలాంటిదే అయితే, ఆ సంగతి ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. అప్పుడు కంపెనీ తగ్గించగలిగేది గదిలో తేడా, రోజుకు 2,000 చొప్పున నాలుగు రోజులకు 8 వేలు మాత్రమే. నా ఉదాహరణ లెక్కలో మీకు 1,82,000 రావాలి. అంటే ఇంకో 68 వేలు, ఈ ఏటి ప్రీమియం కంటే ఎక్కువ.

ఈ డబ్బు అడగడానికి లాయరు అక్కర్లేదు. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్‌లో రాయండి. క్లెయిమ్ నంబరు, ఏ ఖర్చుకు ఎంత కోశారో విడివిడి లెక్క కావాలన్న డిమాండు, 2020 నిబంధన ప్రస్తావన, ఆసుపత్రి ఉత్తరం ఉండాలి. అదే ఫిర్యాదును ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో కూడా నమోదు చేయండి, లేదా 155255కు ఫోన్ చేయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా తగాదాలు తీర్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు, ఫీజు లేదు. అక్కడ లాయర్లను రానివ్వరు కూడా. మీరే మాట్లాడుకోవాలి, కాగితాలు సరిగ్గా ఉంటే భయపడాల్సింది ఏమీ లేదు. కంపెనీ తుది జవాబు వచ్చిన ఏడాది లోపు వెళ్లాలి కాబట్టి ఆలస్యం చేయకండి. అంబుడ్స్‌మన్ ఇచ్చే తీర్పుకు కంపెనీ కట్టుబడాల్సిందే.

దూరం సంగతి మీరు ఒక్క వాక్యంలో రాశారు కానీ దాని వెనకున్న కష్టం నాకు తెలుసు. రాజోలు నుంచి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు, భీమవరం వెళ్లడమే తేలిక. సఖినేటిపల్లి వైపు వాళ్లు నరసాపురం వెళ్లాలంటే రేవులో పంటు కోసం చూడాలి, రాత్రివేళ దాన్ని నమ్ముకోలేము. అలాంటి చోట గుండెనొప్పి వచ్చిన మనిషిని నెట్‌వర్క్ జాబితా పేరుతో రెండు గంటల దూరం రాజమహేంద్రవరం తీసుకెళ్లమనడం అన్యాయం. అత్యవసరమైతే జాబితా చూడకండి, దగ్గరున్న మంచి ఆసుపత్రికే వెళ్లండి, డబ్బు తర్వాత రాబట్టుకోవచ్చు. ముందే తేదీ అనుకున్న ఆపరేషన్ అయితే ఇంకో దారి ఉంది. 2024 జనవరి నుంచి బీమా కంపెనీలు జాబితాలో లేని ఆసుపత్రుల్లో కూడా క్యాష్‌లెస్, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే ఏర్పాటు ఒకటి మొదలుపెట్టాయి. చేరడానికి 48 గంటల ముందు కంపెనీకి చెప్పాలి, అత్యవసరమైతే చేరిన 48 గంటల్లోపు చెప్పాలి. ఆసుపత్రి, కంపెనీ రెండూ ఒప్పుకుంటేనే జరుగుతుంది, అన్నిసార్లూ జరగదు. అయినా గాజులు తాకట్టు పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. క్యాష్‌లెస్ దొరికితే అనుమతి గంటలోపు, డిశ్చార్జి రోజున తుది అనుమతి మూడు గంటల్లోపు ఇవ్వాలి. అంతకు మించి ఆలస్యం చేసి ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ డబ్బు కంపెనీయే భరించాలి. గది మాత్రం ఎప్పుడూ మీ పరిమితి లోపలిదే అడగండి. ఏసీ గది తప్పనిసరి అంటే ఎందుకో డాక్టరు చేత రాయించుకోండి.

బియ్యం కార్డు పోయింది కనుక ఆరోగ్యశ్రీ పోయిందని మీరు అనుకుంటున్నారు. ఇలా అనుకుని హక్కు వదులుకున్న కుటుంబాలు కోనసీమలో ఊరికి కొన్నయినా ఉంటాయి. బియ్యం కార్డుకు నెలకు 300 యూనిట్ల కరెంటు హద్దు ఉంది. ఆరోగ్యశ్రీకి, అంటే ఇప్పటి డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవకు, 2019లో వచ్చిన నిబంధనల్లో హద్దులు వేరు. ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం, మాగాణి అయితే 12 ఎకరాల లోపు, సొంత కారు ఒకటి ఉన్నా పర్వాలేదు. మీ వారి వ్యాపారం ఆ లోపలే ఉంటే సచివాలయంలో విడిగా ఆరోగ్య కార్డుకు దరఖాస్తు చేయండి. అర్హులకు ఏటా 25 లక్షల వరకు చికిత్స ఉంది. రాష్ట్రంలోని అన్ని కుటుంబాలకూ రెండున్నర లక్షల బీమా ఇచ్చే పథకానికి 2025 సెప్టెంబర్‌లో మంత్రివర్గం ఆమోదం కూడా తెలిపింది.

అవన్నీ ఉన్నప్పుడు ప్రైవేటు పాలసీ ఎందుకు అని మీ వారు అడుగుతారు. బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు 2025 అక్టోబర్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద చికిత్సలు ఆపేశాయి. ఆ రోజుల్లో కార్డు పట్టుకుని వెళ్లినవారు ఏమయ్యారో ఆయనే ఆలోచించాలి. ఆ కార్డు మీద చేరే ముందు ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి, ఈ ఆపరేషన్ ఇక్కడ ఇప్పుడు చేస్తున్నారా అని అడగాలి. లేదంటే కాకినాడ, రాజమహేంద్రవరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు ఉన్నాయి.

పూర్తి పేదలకు కార్డు, పెద్ద ఉద్యోగులకు కంపెనీ బీమా, మధ్యలో ఉన్న కొబ్బరి వ్యాపారికి, చిన్న రైతుకు, రొయ్యల చెరువు కౌలుదారుకు ఏమీ లేదు. దేశంలో ఇలా ఏ రక్షణా లేనివారు కనీసం 30 శాతం, దాదాపు 40 కోట్ల మంది అని నీతి ఆయోగ్ 2021లో లెక్క కట్టింది. మీరు బీమా కట్టగలిగినా, ఆ మధ్యవాళ్లలోకి జారిపోయే అంచు మీదే ఉన్నారు. మీ తప్పేమీ లేదమ్మా.

మీ వారి పోస్టాఫీసు ఆలోచన ఇక్కడ పనికొస్తుంది. ఏటా 61 వేలు దాస్తే ఐదేళ్లకు మూడు లక్షలు దాటుతాయి, నిజమే. జబ్బు అప్పటిదాకా ఆగుతుందని ఎవరు చెప్పగలరు? అందుకని బీమా మొత్తంగా వదలకుండా, అత్తయ్య గారు బయటికి వచ్చాక మీ ఇద్దరి ప్రీమియం ఎంత తగ్గుతుందో ఆ తేడాను పోస్టాఫీసులో వేయమనండి. గది తేడాలకు, బిల్లులో కోతలకు ఆ డబ్బు పనికొస్తుంది. మూడు లక్షలు దాటిన ఖర్చుకు సూపర్ టాప్‌అప్ అనే పాలసీ తక్కువ ధరకు వస్తుంది, కానీ అది వచ్చే ఏడాదికి చూద్దాం, ఈ ఏడు ఇంతకు మించి మోయవద్దు.

ఒకేసారి కట్టడం కష్టమైతే మూడు నెలలకోసారి వాయిదా అడగండి. కొబ్బరి డబ్బు దింపు దింపుకూ వస్తుంది కాబట్టి మీకు అదే నయం, మొత్తం మీద కొంచెం ఎక్కువ పడినా సరే. తేదీ దాటితే 30 రోజుల అదనపు గడువు ఉంటుంది, నెలవారీ వాయిదా అయితే 15 రోజులే. ఏడాదికోసారి కట్టే పాలసీలో తేదీ దాటి మీరు కట్టేదాకా మధ్యలో వచ్చిన జబ్బుకు రక్షణ ఉండదు. కాబట్టి గడువును నమ్ముకోకండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది ముందుగా సచివాలయానికి వెళ్లడం, అత్తయ్య గారి ఆధార్, మీ ఆదాయం కాగితాలు పట్టుకుని. అదే రోజు కంపెనీకి ప్రీమియం గురించి ఈమెయిల్. ఆసుపత్రి బిల్లు, కంపెనీ ఇచ్చిన కోత కాగితం, పాలసీ పుస్తకంలో గది అద్దె ఉన్న పేజీ నకళ్లు తీసి నాకు పంపండి. మీ లెక్క విడివిడిగా వేసి, ఫిర్యాదు ఉత్తరం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నేనే రాసి పంపుతాను. మీ వారు సంతకం చేస్తే చాలు.